కారే పడవ – కర్ర, దూది, నీరు

సూరత్ నగరంలోని నవాగామ్, డిండోలి, లింబాయత్ ప్రాంతాలలో తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. మగ్గం పని కోసం తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన నేత కుటుంబాలు ఎన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. పడుగు, పేకలే ఇక్కడి మనవారి జీవనాధారం. అయితే బట్టలకు పేరుపొందిన ఈ ఊరు ఒకప్పుడు ఓడల తయారీకి కూడా అంతగానూ పేరుపొందింది.

దారానికీ, పడవకూ ఏమిటి సంబంధం? చాలా దగ్గర సంబంధమే ఉంది. కర్ర పడవ పలకల మధ్య నుండి నీరు రాకుండా ఆపేది దూది పోగు. పడవను నడిపే తెరచాప నేసిన గుడ్డ. నేటి ఫైబర్ పడవను గట్టిగా పట్టి ఉంచే రెసిన్, సూరత్ మగ్గాలపై ఆడే పాలియెస్టర్ దారానికి దగ్గర చుట్టం. పడవ మరమ్మతు వడ్రంగి పనిలా కనిపించినా దానిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ ఉన్నాయి. ఆ శాస్త్రం తెలియకుండా చేసిన మరమ్మతు ఒక్కోసారి కారే పడవను ఇంకా ఎక్కువ కారేటట్లు చేస్తుంది.

పశ్చిమ తీరంలో ఏటా జూన్ 1 నుండి జూలై 31 వరకు, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల చేపల వేటపై నిషేధం ఉంటుంది. గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవలపై పనిచేసే శ్రీకాకుళం ప్రాంతపు మత్స్యకారులు ఆ రోజుల్లోనే సొంత ఊళ్ళకు వస్తారు. పడవలు ఒడ్డుకు చేరుతాయి. మరమ్మతులకు అదే అదను. నాలుగైదు మీటర్ల చిన్న తెరచాప పడవకైనా, పెద్ద వేట పడవకైనా సూత్రాలు ఒక్కటే. ఈ వ్యాసంలో చిన్న పడవనే ఉదాహరణగా తీసుకుందాం.

చిల్లు చిన్నది, ధార పెద్దది

పడవ అడుగున, నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల కింద, అంగుళం వ్యాసం గల చిల్లు ఉందనుకుందాం. నీరు ఎంత వేగంతో లోపలికి వస్తుంది? 17వ శతాబ్దపు ఇటలీ శాస్త్రవేత్త టోరిసెల్లీ దీనికి సమాధానం చెప్పాడు. అంత ఎత్తు నుండి జారవిడిచిన రాయి కిందికి చేరేసరికి ఎంత వేగం పొందుతుందో, నీరు కూడా అదే వేగంతో వస్తుంది. మన చిల్లు విషయంలో అది సెకనుకు సుమారు 2.4 మీటర్లు. చిల్లు అంచుల వద్ద ధార సన్నబడటం వల్ల కలిగే తగ్గుదలను లెక్కలోకి తీసుకున్నా నిమిషానికి 40 లీటర్లకు పైగా నీరు లోపలికి వస్తుంది. అంటే నిమిషానికి రెండు పెద్ద బకెట్లు. ఒక్క మనిషి చాలాసేపు ఆపకుండా తోడగలిగేది అంతకంటే పెద్దగా ఎక్కువ ఉండదు.

అంగుళం చిల్లు అందరి కంటా పడుతుంది. కాని రెండు పలకల మధ్య పావు మిల్లీమీటరు సందును ఎవరు గమనిస్తారు? అటువంటి సందు రెండు మీటర్ల పొడవున ఉంటే దాని వైశాల్యం మన అంగుళం చిల్లు వైశాల్యానికి సమానం! సన్నని సందులో రాపిడి ఎక్కువ కనుక నీరు అంత వేగంగా రాదన్నది నిజమే. అయినా పడవను ముంచడానికి ఆ నీరు చాలు.

ఈ రాపిడిలోనే మనకు ఉపయోగపడే రహస్యం ఒకటి ఉంది. చాలా సన్నని సందులో ప్రవహించే నీటి పరిమాణం ఆ సందు మందం యొక్క ఘనాన్ని బట్టి మారుతుంది. సందు సగమైతే నీరు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. నాలుగో వంతయితే అరవై నాలుగో వంతు. కనుక సందును పూర్తిగా మూయనవసరం లేకుండానే, దానిని బాగా సన్నబరిస్తే కారడం దాదాపు ఆగిపోతుంది. కర్ర పడవ నీటిలో నిలవగలగడానికి ఇదే మూలం.

లోపలికి చేరిన నీటి అసలు ప్రమాదం దాని బరువులో కంటే దాని కదలికలో ఉంది. 100 కిలోల బియ్యం బస్తాను పడవ మధ్యలో పెడితే అది అక్కడే ఉంటుంది. 100 లీటర్ల నీరు అలా ఉండదు. గాలి తెరచాపను ఒక పక్కకు నెట్టగానే నీరంతా ఆ పక్కకే పరుగెత్తుతుంది. పడవ ఎటు ఒరిగితే అటే బరువు చేరి ఒరుగు ఇంకా ఎక్కువవుతుంది. చిన్న పడవలు నిండి మునగడం కంటే ముందే బోల్తా పడటానికి తరచుగా ఇదే కారణం. అందుకే కారడాన్ని ‘ఎలాగూ తోడేస్తాం కదా’ అని వదిలేయరాదు.

కర్ర ఎందుకు ఉబ్బుతుంది?

మన పల్లెల్లో గొడ్డలి కామ వదులైతే రాత్రంతా నీళ్ళలో నానబెడతారు. వేసవిలో బండి చక్రం కర్రలు ఎండి ఇనుప పట్టా వదులైతే చక్రాన్ని చెరువులో పడుకోబెడతారు. తెల్లారేసరికి బిగుస్తుంది. పడవ వడ్రంగి ఆధారపడేది కూడా ఈ గుణం మీదనే.

కర్ర అనేది సన్నని గొట్టాల కట్ట. ఆ గొట్టాల గోడలలో సెల్యులోజ్ పోగులు ఎక్కువగా గొట్టం పొడవు వెంట పరచుకొని ఉంటాయి. నీటి అణువులు ఆ పోగుల నడుమకు చొరబడి వాటిని ఎడంగా నెడతాయి. అందువల్ల కర్ర అడ్డంగా ఉబ్బుతుంది. పొడవున మాత్రం దాదాపు మారదు. గోడలు పట్టగలిగినంత నీరు పట్టాక ఉబ్బడం ఆగిపోతుంది. కర్ర బరువులో తేమ సుమారు 30 శాతం ఉన్నప్పుడు ఈ స్థితి వస్తుంది. ఆ తరువాత చేరే నీరు గొట్టాల ఖాళీలలో నిలుస్తుంది గాని కర్ర కొలత మార్చదు.

20 సెంటీమీటర్ల వెడల్పు గల పలక ఎండి ఒక్క శాతం ముడుచుకున్నా 2 మిల్లీమీటర్ల సందు ఏర్పడుతుంది. నీటిలో ఉన్నంతకాలం చుక్క కారని పడవను రెండు నెలలు ఎండలో ఉంచితే పలకల మధ్య వెలుగు కనబడేది ఇందుకే. తక్కువగా ముడుచుకునే కర్రలలో టేకు ఒకటి. ఓడలకు టేకును ఎన్నుకోవడంలో గట్టిదనంతో పాటు ఇదీ ఒక కారణం.

గొడ్డలి కామ నేర్పే పాఠం

నానబెట్టిన కామ బిగుస్తుంది సరే. మళ్ళీ ఎండాక ఏమవుతుంది? మునుపటి కంటే ఎక్కువ వదులవుతుంది! ఇది చాలామందికి అనుభవమే. కారణం ఇది: గొడ్డలి కన్నంలో ఇరుక్కున్న కర్ర ఉబ్బాలంటే చోటు లేదు. అందువల్ల దాని గొట్టాలు తమను తాము నలుపుకుంటాయి. నలిగిన గొట్టాలు ఎండినపుడు ఇంకా చిన్నవవుతాయి. మళ్ళీ నానబెట్టినా మునుపటి బిగువు రాదు.

పడవ మరమ్మతులో అన్నిటికంటే పెద్ద పొరపాటు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. వేసవి చివర, పలకలు బాగా ఎండి సందులు వెడల్పుగా ఉన్నప్పుడు, ‘అబ్బో, ఎంత సందు!’ అని దూదిని ఉలితో కూరి కూరి కొట్టి, పైన రాయిలా గట్టిపడే లప్పం పెడతారు. పడవ నీటిలో దిగుతుంది. పలకలు ఉబ్బడం మొదలవుతుంది. ఉబ్బడానికి చోటు ఉండదు. అప్పుడు రెండింటిలో ఒకటి జరుగుతుంది. పలకల అంచులు నలిగిపోతాయి, లేదా ఆ ఒత్తిడికి లోపలి పక్కటెముకల వంటి కర్రలు చిట్లి మేకులు ఊడివస్తాయి. మరుసటి సంవత్సరం సందు ఇంకా పెద్దదవుతుంది. ఇంకా ఎక్కువ దూది కూరుతారు. ఇలా నాలుగేళ్ళు గడిస్తే పడవ పనికిరాకుండా పోతుంది.

కనుక గుర్తుంచుకోవలసిన మొదటి సూత్రం: సందును నింపేది దూది, నీటిని ఆపేది కర్ర. దూది కర్రకు ఆనుకునే మెత్తలా ఉండాలి గాని మేకులా ఉండరాదు.

సూరత్ వడ్రంగుల పద్ధతి

సందు వచ్చాక నింపడం కంటే సందే రాకుండా కట్టడం మేలు కదా! సూరత్ ఓడ వడ్రంగులు చేసింది అదే. 1770 దశకంలో సూరత్ చూసిన డచ్ నౌకాధికారి స్తావోరినస్ వారి పద్ధతిని వివరంగా రాసిపెట్టాడు. ఐరోపా వారిలా పలకల అంచులను చదునుగా ఆనించకుండా, ఒక పలక అంచు రెండో పలక అంచులో కూర్చునేలా మెట్టు చెక్కేవారు. కింది పలక అంచుకు ఎర్రటి సీసపు రంగు పూసి పై పలకను దానిపై నొక్కి తీసేవారు. రంగు అంటిన చోటే ఎత్తు ఉన్నట్లు లెక్క. ఆ ఎత్తును చెక్కి మళ్ళీ నొక్కి చూసేవారు. రెండు అంచులూ పూర్తిగా కలిసేవరకు ఇదే పని. ఆ తరువాత అంచులకు కాలం గడిచేకొద్దీ ఇనుములా గట్టిపడే ఒక రకం బంకను పూసి, మధ్యన పలుచని దూది పొర పరచి, పలకలను బిగించేవారు. అతుకు ఎక్కడుందో కంటికి ఆనేది కాదట.

దూదిని అంత పలుచగా వాడటం గమనించండి. దూది కూడా సెల్యులోజే. అది కూడా తడిస్తే ఉబ్బుతుంది. అంటే కర్రకూ, దూదికీ స్వభావం ఒక్కటే. నీరు తగలగానే రెండూ కలిసి సందును మూస్తాయి.

ఈ సూరత్ నుండే లౌజీ నస్సర్వాన్‌జీ వాడియా అనే పార్సీ ఓడ వడ్రంగి 1736 ప్రాంతంలో బొంబాయి వెళ్ళాడు. అతని వంశస్థులు తరతరాలుగా అక్కడ ఓడలు కట్టారు. 1817లో వారు టేకుతో కట్టిన ‘ట్రింకోమలీ’ అనే యుద్ధనౌక రెండు శతాబ్దాలు దాటినా నేటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీటిపై తేలుతూ మ్యూజియంగా ఉంది. 

మన తూర్పు తీరంలోనూ ఇటువంటి విద్య ఉంది. కాకినాడ దగ్గరి కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలు ఓడల నిర్మాణానికీ, మరమ్మతులకూ పేరు పొందినవి. కోరమాండల్ తీరపు మసూలా పడవలకైతే మేకులే ఉండవు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టి, కుట్టు కింద గడ్డి మెత్త పెడతారు. కెరటాల దెబ్బకు ఆ పడవ విరగకుండా వంగుతుంది. దేశమంతటా సందులు నింపే పనివాడిని ఓడ పనివారు ‘కలాపత్తి’ అనేవారు. ఇది పోర్చుగీసు మాట నుండి వచ్చింది. ఆ పోర్చుగీసు మాటకు మూలం అరబ్బీలో ఉంది. ఒక్క మాటలో హిందూ మహాసముద్రపు వర్తక చరిత్ర అంతా ఇమిడి ఉంది.

కారే చోటు కనుక్కోవడం ఎలా?

పడవలో నీరు కనబడిన చోటే చిల్లు ఉంటుందని అనుకోరాదు. నీరు లోపలి కర్రల వెంట పాకి పల్లానికి చేరుతుంది. మన ఇంటి పైకప్పు ఒకచోట కారితే లోపల మరోచోట మరక కట్టినట్లే ఇది కూడా.

మొదట చేయవలసింది ప్రశ్నించడం. కట్టి ఉంచిన పడవలోకి కూడా నీరు వస్తోందా? అయితే లోపం నీటి మట్టం కింద ఉంది. గాలికి ఒరిగి నడిచేటప్పుడే వస్తోందా? అయితే పక్క పలకల పై భాగాన్ని చూడాలి. వాన పడ్డాక మాత్రమే వస్తోందా? అయితే అది పైనుండి వచ్చే నీరు. ఈ మూడు ప్రశ్నలకు సమాధానం దొరికితే సగం వెతుకులాట తప్పుతుంది.

ఒడ్డున మరో సులభమైన పరీక్ష ఉంది. పడవను దిమ్మలపై నిలబెట్టి, బయట తుడిచి ఆరబెట్టి, లోపల కొద్దిగా నీరు పోయాలి. బయట ఎక్కడ చెమర్చితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టాలి. నీటిలో కొంచెం రంగు కలిపితే ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అయితే పడవను నింపరాదు. ఒక ఘనమీటరు నీరు ఒక టన్ను బరువు. నీటిలో ఉన్నప్పుడు పడవను చుట్టూ నీరే మోస్తుంది. ఒడ్డున ఆ సాయం లేదు. అడుగు మునిగేటంత పోస్తే చాలు.

ఫైబర్ పడవలో గాలి గదులు ఉంటే సైకిల్ ట్యూబుకు పంక్చర్ వెదికినట్లే వెదకవచ్చు. గదిలోకి నోటితో ఊదినంత మెల్లగా గాలి పంపి, అతుకులపై సబ్బు నురుగు పూయాలి. బుడగలు లేచిన చోటే లోపం. గట్టి పంపు వాడితే మంచి అతుకు కూడా విడిపోతుంది.

వెదకవలసిన ముఖ్యమైన చోట్లు ఇవి: అడుగు దూలానికి పక్కనున్న మొదటి పలక అతుకు, పలకల చివరలు కలిసే ముందు భాగం, చుక్కాని బిగించిన చోటు, అడుగున దించే పలక ఉండే పెట్టె మూలలు, మేకుల తలలు. ఎక్కువ కదలిక, ఎక్కువ బరువు పడే చోట్లు ఇవే. 

సందు నింపే క్రమం

ముందుగా పడవను మంచినీటితో బాగా కడగాలి. ఇది శుభ్రత కోసం మాత్రమే కాదు. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమర్చడం మనం చూస్తాం. సముద్రపు నీరు ఎండిన పడవపై ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది. దానిపై రంగు గాని, బంక గాని నిలవదు.

తరువాత పాత దూదిని కొక్కెంతో మెల్లగా లాగాలి. గట్టిగా ఉండి, నల్లబడని దూదిని కదపనవసరం లేదు. అంచులు చెక్కకుండా జాగ్రత్త పడాలి. సందు ఆకారం బయట వెడల్పుగా, లోపల సన్నగా ఉండాలి. లోపలి వైపు పలకలు దాదాపు తాకుతూ ఉండాలి. లోపల కూడా వెడల్పుగా ఉంటే దూది వెళ్ళి పడవలో పడుతుంది. అక్కడ కర్ర బద్ద అతకడమే మార్గం.

సందు అంచులకు పలుచని ఆయిల్ పెయింట్ పూయాలి. లేకుంటే ఎండిన కర్ర లప్పంలోని నూనెను పీల్చి దానిని పొడిపొడిగా చేస్తుంది. ఆపై వదులుగా పేనిన దూది పోగును చిన్న చిన్న మడతలుగా సందులో పెట్టి, మొద్దు అంచు గల ఉలితో, కొయ్య సుత్తితో తట్టాలి. ఎంత గట్టిగా? దూది సందు లోతులో సగం వరకు దిగి, వేలితో నొక్కితే కదలకుండా ఉంటే చాలు. బాగా ఎండిన పడవ అయితే ఇంకొంచెం వదులుగానే ఉంచాలి. పైన మిగిలిన లోతును మెత్తగా ఉండే లప్పంతో నింపాలి. పూర్వం గుగ్గిలాన్ని నూనెలో కాచి ఇందుకు వాడేవారు. లప్పం పలకలకు సమానంగా కాకుండా కొంచెం లోపలికే ఉండాలి. పలకలు ఉబ్బినపుడు అది బయటికి వచ్చి సమానమవుతుంది.

చివరి మెట్టు ఓర్పు. నీటిలోకి దించిన కర్ర పడవ మొదటి రోజు కారుతుంది. అది లోపం కాదు. ఒడ్డున కట్టి, అప్పుడప్పుడు తోడుతూ ఒకటి రెండు రోజులు ఉంచితే పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఆ తరువాత కూడా ఎక్కడ కారుతోందో అదే అసలు లోపం.

మేకు దగ్గర బ్యాటరీ

పాత పడవలలో పలక బాగుండి, సందు బాగుండి, మేకు దగ్గర కారుతూ ఉంటుంది. దీనికి కారణం విద్యుత్తు! ఉప్పునీటిలో రెండు వేరువేరు లోహాలు తాకితే అది చిన్న బ్యాటరీ అవుతుంది. వాటిలో బలహీనమైన లోహం కరిగిపోతుంది.

బ్రిటిష్ నౌకాదళం ఈ పాఠాన్ని నష్టపోయి నేర్చుకుంది. కర్రను తొలిచే టెరెడో అనే సముద్రపు పురుగు బెడద తప్పించడానికి 1761లో ‘అలారం’ అనే ఓడ అడుగుకు రాగి రేకులు కొట్టారు. పురుగు అనే పేరే గాని టెరెడో నిజానికి నత్త, ఆల్చిప్పల జాతిది. 1763లో ఓడను తనిఖీ చేస్తే పురుగు పట్టలేదు గాని, రాగికి తగిలిన ఇనుప మేకులు పూర్తిగా తినబడి ఉన్నాయి. రాగి రేకులు చుట్టి వచ్చిన కాగితం పొరపాటున ఎక్కడ మిగిలిందో అక్కడి మేకులు మాత్రం చెక్కుచెదరలేదు! కాగితం రెండు లోహాలనూ వేరుచేసింది మరి.

కనుక రాగి లేదా ఇత్తడి మేకులున్న పడవలో ఒక్క ఇనుప మేకు కూడా కలపకండి. ఇత్తడిలోని జింకు కూడా సముద్రపు నీటిలో మెల్లగా కరిగిపోతుంది కనుక నీటి మట్టం కింద కంచు మేలు. మేకు చుట్టూ కర్ర నల్లబడి మెత్తబడితే మేకు తీసి, ఆ రంధ్రంలో కర్ర బిరడా అతికి, పక్కన కొత్త రంధ్రం వేయాలి. అదే రంధ్రంలో లావు మేకు దించితే పలక చీలుతుంది.

పైనుండి వచ్చే నీరు

పడవను ముంచేది కింది నీరు, పాడుచేసేది పైనీరు. సముద్రపు ఉప్పు కర్రను కుళ్ళబెట్టే శిలీంధ్రాలను చాలావరకు అణచి ఉంచుతుంది. వాన నీటికి ఆ గుణం లేదు. కర్రలో తేమ 20 శాతం దాటి, గాలి ఆడని మూల దొరికితే శిలీంధ్రాలు పెరుగుతాయి. ఉప్పునీటిలో ఏళ్ళ తరబడి నిలిచిన పలక, టార్పాలిన్ కింద ఒక్క వానాకాలంలో మెత్తబడటం వింత కాదు.

అందువల్ల చిన్న పడవను బోర్లించి, నేలకు రెండడుగుల ఎత్తున దిమ్మలపై ఉంచాలి. పైన కప్పు వేసినా రెండు చివరలా గాలి ఆడేటట్లు వదలాలి. ప్లాస్టిక్ గుడ్డతో బిగించి చుట్టరాదు. అనుమానం ఉన్న చోట కర్రను సుత్తితో తట్టి వినండి. మంచి కర్ర ఖంగుమంటుంది. కుళ్ళినది బొద్దుగా పలుకుతుంది. సన్నని కదురు సులభంగా దిగితే ఆ భాగాన్ని కోసి కొత్త ముక్క అతకాలి. కుళ్ళుపై రంగు వేయడం రోగిపై దుప్పటి కప్పడమే.

ఫైబర్ పడవలు

నేడు మన తీరంలో కర్ర తెప్పల, నావల స్థానాన్ని చాలావరకు ఫైబర్ పడవలు ఆక్రమించాయి. గాజు పోగుల చాపను పాలియెస్టర్ రెసిన్‌లో తడిపి గట్టిపరిస్తే ఫైబర్ పలక తయారవుతుంది. మగ్గంపై ఆడే పాలియెస్టర్ దారంలో అణువులు పొడవైన విడివిడి గొలుసులు. రెసిన్‌లో ఆ గొలుసులను స్టైరీన్ అనే పదార్థం అడ్డంగా కలిపి వలలా అల్లుతుంది. అందుకే దారం వేడికి కరుగుతుంది, గట్టిపడిన రెసిన్ కరగదు.

ఫైబర్ ఉబ్బదు. కనుక దానికి పడిన చీలిక తనంతట తాను మూసుకోదు. పైన లప్పం రాస్తే నెలలో ఊడుతుంది. సరైన పద్ధతి ఇది: చీలిక చుట్టూ పలకను ఏటవాలుగా అరగదీయాలి. ఆ వాలు పలక మందానికి సుమారు 12 రెట్లు ఉండాలి. 4 మిల్లీమీటర్ల పలకకు చీలిక నుండి ప్రతివైపునా దాదాపు 5 సెంటీమీటర్లు. పాత రెసిన్ అప్పటికే గట్టిపడింది కనుక కొత్త రెసిన్ దానితో రసాయనికంగా బాగా కలవదు. గరుకుతనమే దాని పట్టు. వాలు ఎంత పొడవుంటే అతుకుపై పడే బరువు అంత పలుచబడుతుంది. తరువాత గాజు చాప ముక్కలను ఒకదానిపై ఒకటి రెసిన్‌తో పరచి, గాలి బుడగలు లేకుండా రోలరుతో నొక్కాలి.

ఇక్కడ ప్రాణాపాయం ఉంది. రెసిన్‌ను గట్టిపరచే మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్ ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోవచ్చు. దీనిని సాధారణంగా 1 నుండి 2 శాతం మాత్రమే కలుపుతారు. కోబాల్టు ద్రావణంతో దీనిని నేరుగా ఎన్నడూ కలపరాదు. పేలుతుంది. కోబాల్టును ముందు రెసిన్‌లో బాగా కలిపిన తరువాతనే దీనిని చేర్చాలి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. పని గాలి ఆడే చోట, బీడీ, పొయ్యి లేని చోట చేయాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న వాన రోజున రెసిన్ పని పెట్టుకోరాదు.

తెరచాప సంగతి

తెరచాపను నేత పనివారి కంటే బాగా ఎవరు అర్థం చేసుకోగలరు? గుడ్డను పడుగు వెంట లాగితే సాగదు. పేక వెంట లాగినా సాగదు. మూలవాటంగా లాగితే సాగుతుంది. తెరచాపపై గాలి ఒత్తిడి అన్ని దిక్కులా పడుతుంది. అందుకే తెరచాప గుడ్డను చాలా ఒత్తుగా నేసి, పైన రెసిన్ పట్టించి పోగులు జరగకుండా చేస్తారు. పూర్వపు నూలు, జనపనార గుడ్డల స్థానంలోకి పాలియెస్టర్ వచ్చింది. ఈ దారాన్ని 1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు.

పాలియెస్టర్ కుళ్ళదు గాని ఎండకు చెడుతుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు అణువుల గొలుసులను తెంచుతాయి. ముందుగా తెగేది గుడ్డ కాదు, కుట్టు. గుడ్డ గట్టిగా ఉండటం వల్ల కుట్టు దారం అందులోకి దిగక పైకి తేలి ఉంటుంది. ఎండ, రాపిడి రెండూ దానికే ముందు తగులుతాయి. గోటితో కుట్టును గీరి చూడండి. దారం తెగితే ఆ వరుసంతా మళ్ళీ పాలియెస్టర్ దారంతో వంకరకుట్టు వేయాలి. తెరచాపను మంచినీటితో కడిగి, నీడన ఆరబెట్టి, చుట్టగా చుట్టి దాచాలి. ఒకే చోట పదే పదే మడిస్తే రెసిన్ పగిలి అక్కడే చిరుగుతుంది.

ఏ ఊరికి ఏ అదను?

మరమ్మతు కాలం ఊరిని బట్టి మారుతుంది. సూరత్‌లో సముద్రం మూసుకునేది నైరుతి వానలలో. కనుక కడగడం, పరీక్షించడం, రెసిన్ పని మే నెలలోనే ముగించాలి. వానల్లో కప్పు కింద వడ్రంగం, తెరచాప కుట్టు, తాళ్ళ పని చూసుకోవాలి. వానలు తగ్గాక ఆరిన రోజుల్లో రంగులు వేయాలి. ఆంధ్ర తీరంలో విరామం మండు వేసవిలో వస్తుంది. అక్కడ భయం కుళ్ళుడు కాదు, ఎండడం. కొబ్బరి మట్టల నీడ వేసి, కర్ర పడవపై తడి గోనెలు కప్పి ఉంచడం మంచిది. ఎండలో తెరుచుకున్న సందును చూసి కంగారుపడి కూరరాదని ముందే చెప్పుకున్నాం. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో ఇది తిరగబడుతుంది. అక్కడ తెరచాప పడవల పోటీలు జరిగేదే వానాకాలపు గాలుల్లో. కనుక వారికి మరమ్మతు కాలం వేసవి. 

2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌ను ముంచెత్తినప్పుడు వీధుల్లో పడవలు తిరగవలసి వచ్చింది. ఎప్పుడో ఒకనాటి అవసరానికని షెడ్డులో ఉంచిన పడవ ఆ ఒక్కనాడు కారితే అది ఉన్నా లేనట్లే. అటువంటి పడవలను కూడా ఏటా ఒకసారి నీటిలోకి దించి చూడటం అవసరం. సొంత పడవ ఉన్నవారు అడుగున దొరికిన ప్రతి లోపాన్నీ తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఒకే చోట రెండేళ్ళు వరుసగా కారితే అక్కడ దూది మార్చడం ఆపి, దాని వెనుకనున్న కర్రనూ, మేకునూ చూడండి. మరమ్మతు ఎంత బాగా చేసినా, తోడే బకెట్టునూ, ఒక్కొక్కరికి ఒక లైఫ్ జాకెట్టునూ పడవలో ఉంచకుండా ఒడ్డు వదలకండి.